తల్లి క్షేమం

బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఎప్పుడు కదులుతుందో చెప్పే మనిషిని ఆ చుట్టుపక్కల అందరూ మైకమ్మ అంటారు. ఆమె గొంతుకు ఎత్తుపల్లాలు లేవు. బస్సు వేళకు వచ్చినా అదే గొంతు, అసలు రాకపోయినా అదే గొంతు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కంట్రోలరు ఆమెకు నేర్పిన విద్య ఒక్కటే. "నువ్వు కంగారుపడ్డావంటే జనమంతా కంగారుపడతారమ్మా. షెడ్డుకు నిప్పంటుకున్నా సరే, మంచినీళ్ళ పంపు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పాలి." ఆ విద్య ఆమెకు ఎంతగా వంటబట్టిందంటే, పెళ్ళయిన కొత్తలో మొగుడు సిగ్గుపడుతూ "నేనంటే ఇష్టమేనా?" అని అడిగితే "ఇష్టమే" అంది. అతను కళ్ళముందే బస్సు వెళ్ళిపోయినవాడిలా కాసేపు అలాగే నిలబడ్డాడు.

అతను ఫ్రిజ్‌ల మెకానిక్కు. మంచివాడు. చెడిపోయిన వస్తువుకు ముందు చెవి ఆనించి వింటాడు, తర్వాతే స్క్రూ విప్పుతాడు. పెళ్ళాం విషయంలో మాత్రం చెవి ఆనించాల్సిన అవసరం వస్తుందని అతనికి తట్టలేదు. ఆమె మాట స్పష్టంగానే ఉంటుంది కదా. నొప్పులొచ్చిన రోజున కూడా "నొప్పులు మొదలయ్యాయి. ఆస్పత్రికి బయలుదేరవలసి ఉంటుంది" అని చెప్పింది. అతను టీ తాగి బయలుదేరదామన్నాడు. ఆస్పత్రి గుమ్మం దాటిన కాసేపటికే కాన్పయింది.

ఆడపిల్ల. లోపలినుంచి ఒకామె వచ్చి "తల్లీ బిడ్డా క్షేమం" అని చెప్పి, ఇంకెవరికో ఇంకేదో చెప్పడానికి వెళ్ళిపోయింది. మెకానిక్కు ఆ ముక్కను ఉన్నదున్నట్టు చుట్టాలందరికీ ఫోన్లో చేరవేశాడు. వాళ్ళు ఇంకొందరికి చేరవేశారు. మంచం మీదున్న మైకమ్మ చెవిన కూడా ఆ మాట పడింది. ఓహో, అలాగా, అనుకుంది.

వాళ్ళది మేడమీది వాటా. రెండు గదులు, వంటగది, బట్టలారేసుకునే బాల్కనీ. మెకానిక్కు తల్లి కూడా వాళ్ళతోనే ఉంటుంది. ఆవిడ ఒకప్పుడు చిన్నపిల్లల బడిలో ఆయా. గది నిండా పిల్లలున్నా ఎవరు తడిపారో గుమ్మంలోంచే ముక్కుతో పసిగట్టేది. నోరు పెద్దది, మనసు దానికన్నా పెద్దది. ఒక చెవి సరిగ్గా వినపడదు గనక ఫోన్ ఎప్పుడూ స్పీకర్లో పెట్టి, బల్లమీద ఉంచి, దానికి ఎదురుగా కూర్చుని, అవతలివాళ్ళు ఏటికి అవతల ఉన్నట్టు మాట్లాడుతుంది.

కాన్పుకు ముందు అత్త కోడలిని "తల్లీ" అని పిలిచేది. "తల్లీ, ఆ గిన్నె ఇలా అందుకో", "తల్లీ, టీవీ కాస్త తగ్గించు". బిడ్డ ఇంటికి రాగానే కిటికీ పక్క మంచం, మెత్తటి దుప్పటి, ఫాను గాలి బిడ్డకు బదిలీ అయ్యాయి. వాటితో పాటే ఆ మాట కూడా. ఇప్పుడు తల్లంటే బిడ్డ. "తల్లి లేచింది", "తల్లికి ఆకలేస్తోంది", "నా తల్లే, నా బంగారు తల్లే". అసలు తల్లి "అమ్మాయ్" అయింది. తొందర పనిలో "ఇదిగో" అయింది. తల్లి కానన్నాళ్ళూ తల్లి, తల్లయ్యాక ఇదిగో. ఇందులో ఎవరి తప్పూ లేదు. మాటలు కూడా పసిపిల్లల్లాగే ఒకరి చంకలోంచి ఇంకొకరి చంకలోకి మారుతుంటాయి.

ఇక మైకమ్మ సంగతి. ఏమైందో చెప్పమంటే ఆమే చెప్పలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. పొద్దున లేచేసరికి ఒంట్లోని ఎముకలన్నీ ఎవరో పట్టుకుపోయి, మిగిలిన దాన్ని మడతపెట్టి మంచం మీద ఉంచినట్టుండేది. ముద్ద నోట్లో పెట్టుకుంటే రంపపు పొట్టు. బిడ్డ పడుకున్నప్పుడే నువ్వూ పడుకో అని అందరూ చెప్పారు. బిడ్డ పడుకునేది, ఆమె బిడ్డ పడుకోవడాన్ని చూస్తూ కూర్చునేది. ఉతికిన గుడ్డను చేత్తో పట్టుకుని, దాన్ని తీగమీద వెయ్యాలని తెలిసి కూడా, ఎలా వేస్తారో మర్చిపోయినదానిలా నిలబడేది. ఇక బిడ్డను ఎత్తుకుంటే, ప్రయాణికులెవరో బల్లమీద మర్చిపోయిన సంచిని ఎత్తుకున్నట్టే ఉండేది. జాగ్రత్తగా చూడాలి, కింద పడెయ్యకూడదు, సొంతదారు వచ్చి అడిగితే అప్పగించాలి. సొంతదారు మాత్రం ఎంతకీ రాదు.

ఆమె మొగుడికి చెప్పకపోలేదు. ఒక సాయంత్రం అతను చేతుల గ్రీజు కడుక్కుంటుంటే తువ్వాలు పట్టుకుని నిలబడి చెప్పింది.

"నేను బాగా లేను."

"ఏం, ఒళ్ళు వెచ్చబడిందా?"

"ఒళ్ళు కాదు. పాపను చూస్తే ఏమీ అనిపించడం లేదు. నేను లేకపోతేనే మీకందరికీ నయమనిపిస్తోంది."

అతను ఆమె మొహంలోకి చూశాడు. మొహంలో ఏమీ లేదు. గొంతులో అంతకన్నా లేదు. నవ్వొచ్చేసింది పాపం. "నువ్వు చెప్తుంటే నువ్వే ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నట్టుందే" అన్నాడు. అలాగని మాట గాలికి వదిలెయ్యలేదు, చేతులు తుడుచుకుంటూ ఆలోచించాడు. "చూడు, లారీలో వచ్చిన ఫ్రిజ్‌ని దించిన వెంటనే ప్లగ్గు పెట్టకూడదు. నిలబెట్టి కొన్ని గంటలు వదిలెయ్యాలి. లోపల కదిలిందంతా దానంతటదే సర్దుకుంటుంది. నీదీ అంతే." అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు, ఫ్రిజ్‌ల వరకూ.

ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు ఫోన్ చెయ్యడం మొదలైంది ఆ రోజుల్లోనే. కాన్పయిన ఇళ్ళకు వారం వారం ఫోన్ చేసి బాగోగులు కనుక్కోవడం ఆమె పని. ఆస్పత్రి కౌంటరు దగ్గర నిలబడింది అత్త గనక వాళ్ళు రాసుకున్న నంబరు అత్తదే. టీకాలకు బిడ్డను ఎత్తుకెళ్ళేది కూడా అత్తే. నర్సు మైకమ్మను చూసింది లేదు.

"అమ్మా, బిడ్డ పాలు తాగుతోందా? టీకా వేసిన చోట వాపేమన్నా ఉందా?"

"తాగుతోంది. వాపు లేదు."

"మంచిది. ఇక తల్లి సంగతి చెప్పండి. తల్లి ఎలా ఉంది?"

అత్త ఇప్పుడే కదా చెప్పాను అనుకుంది. అయినా ఆఫీసులవాళ్ళు అంతే, పేరు అడిగి, మళ్ళీ పూర్తి పేరు అడుగుతారు. "తల్లికేం, మహారాణి" అంది.

"నిద్ర పడుతోందా?"

"నిద్రే మరి. తాగడం, పడుకోవడం. ఇంకో పనేముంది?"

"తాగడమా?"

"పాలు."

"ఆ, పాలయితే మంచిదే. తాగనివ్వండి. ఏడుపు వస్తోందా?"

"రాకేం? పొద్దువాలేసరికి రాగం ఎత్తుకుంటుంది. దగ్గరకు తీసుకుని వీపు నిమిరామా, ఊరుకుంటుంది."

ఆ ఉద్యోగంలో నర్సు చాలామంది అత్తలతో మాట్లాడింది. "వీపు... మీరే నిమురుతారా?"

"మరి ఎవరు నిమురుతారు? మా వాడు కూడా నిమురుతాడు, తీరికుంటే."

"మీలాంటివాళ్ళు ఇంటికొకరుంటే మేం సెంటరుకు తాళం వేసుకోవచ్చండీ. తనకొకసారి ఫోనిస్తారా?"

"ఇప్పుడే కన్నంటుకుంది. లేపానంటే ఇల్లు పీకి పందిరేస్తుంది."

"వద్దొద్దు, లేపకండి" అంది నర్సు కంగారుగా.

మైకమ్మ ఈ మాటలన్నీ పక్కగదిలోంచి వింది. స్పీకరు గనక వినక తప్పదు. తన గురించి ఇన్ని మంచి సంగతులు తనకే తెలియనందుకు ఆశ్చర్యపోయింది. తాను నిద్రపోతోందట. ఏడుస్తుంటే వీపు నిమురుతున్నారట. ఎప్పుడు నిమిరారో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది కూడా. ఇంతలో నర్సు, "రోజూ కాసేపు ఎండలో కూర్చోబెట్టండి, మనసు తేటపడుతుంది" అనడం, అత్త ఫోన్ పెట్టేసి బిడ్డను బాల్కనీలోకి తీసుకుపోవడం చూశాక ఆమెకు సంగతి అర్థమైంది. మన క్రియాపదాలకు ఉయ్యాల్లో పడుకున్నవాళ్ళూ మంచం మీద పడుకున్నవాళ్ళూ ఒకటే.

సరిదిద్దొచ్చు. కాని సరిదిద్దాలంటే ముందు లేవాలి. లేచి వెళ్ళి, అత్తయ్యా, ఆవిడ అడిగింది నన్ను, అనాలి. అంటే అత్త, "నీకేమైందే?" అంటుంది. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. పైగా ఎక్కడో ఒకచోట ఒక తల్లి బాగుంది. దాన్ని ఎందుకు కాదనాలి?

అలా వారం వారం నర్సు మైకమ్మ కోసం పంపిన వైద్యమంతా బిడ్డకు అందింది. తనకు నచ్చిన పాటలు వినిపించమంటే బిడ్డ తల దగ్గర రేడియో పెట్టారు. కాసేపు బయట తిప్పమంటే భుజాన వేసుకుని వీధి చివరిదాకా తిప్పారు. స్నేహితులెవరన్నా వచ్చి కూర్చుంటే మంచిదంటే, కింది వాటావాళ్ళ చంటిపిల్లను తెచ్చి పక్కన పడుకోబెట్టారు. ఇద్దరూ పైకప్పు కేసి చూస్తూ తమ కష్టసుఖాలు తాము చూసుకున్నారు. "ఒంటరిగా వదలొద్దు, తనేదన్నా చెప్తుంటే సలహాలివ్వొద్దు, ఊఁ కొట్టండి చాలు" అని నర్సు చెప్తే, అత్త ఉయ్యాల ముందు పీట వేసుక్కూర్చుని బిడ్డ "ఉంగా" అన్నప్పుడల్లా "ఊఁ" అంది. బిడ్డ బుగ్గలు దేరింది. కింది వాటా ఆవిడకు కళ్ళు కుట్టాయి.

"ఏం పోస్తున్నారు పిన్నీ పిల్లకి, ఇంత కళ వచ్చింది?"

"మాదంతా పద్ధతి ప్రకారం పెంపకం. ఫోన్లో చెప్తారు, మేం చేస్తాం."

ఒకసారి మాత్రం గుట్టు బయటపడబోయింది. తల్లికి ఇంటిపని ఎక్కువ చెప్పొద్దని నర్సు చెప్పింది. అత్త ఫోన్ పెట్టేసి ముక్కున వేలేసుకుంది. "విన్నావా అమ్మాయ్! తల్లికి పని చెప్పొద్దట. పాలు తాగే పిల్లకి పని చెప్పే రాక్షసులు కూడా ఉంటారు కాబోలు లోకంలో" అంటూ కోడలి చేతికి ఉల్లిపాయల పళ్ళెం ఇచ్చింది. మైకమ్మ ఉల్లిపాయలు తరిగింది. ఆ కాసేపూ కళ్ళనీళ్ళు కారాయి. ఏడుపులాగే ఉంది గాని, ఏడుపు కాదు.

ఒక మధ్యాహ్నం సబ్బు కొనుక్కొస్తానని ఆమె బయటికి వచ్చింది. కొట్టు వీధి మలుపులోనే ఉంది. కాళ్ళు మాత్రం కొట్టు దాటి, అలవాటైన దారిన బస్టాండుకు తీసుకుపోయాయి. ఆమె సెలవులో ఉంది గనక రికార్డు చేసిన గొంతు వేస్తున్నారు. అక్కడ నిలబడి ఆమె తన గొంతు తానే వింది. ఆ మైకులో ఉన్నావిడ చాలా నెమ్మదిగా, దేనికీ లోటు లేనట్టు మాట్లాడుతోంది. ఎవరి దగ్గరికైనా వెళ్ళి సాయం అడగాలంటే ఆవిడ దగ్గరికే వెళ్ళాలనిపిస్తుంది.

ఆ చివర ఆగి ఉన్న బస్సు ఎక్కి, వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు గుర్తుపట్టాడు.

"మైకమ్మా! బాలింతవి, ఎక్కడికమ్మా ఎండలో?"

"చివరిదాకా."

"చివర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. రోజూ ఆ పేరు చెప్పడమే గాని ఎప్పుడూ వెళ్ళలేదు."

"చూడ్డానికేముంది అక్కడ? పెద్ద కాలవ, గట్టుమీద ఒక టీ కొట్టు. అంతే."

"చాలు" అంది.

కండక్టరు అది హాస్యమనుకుని, ఇంకా జనాన్ని కేకెయ్యడానికి దిగాడు. ముందు సీట్లో ఎవరిదో పసిబిడ్డ లేచి గుక్కపట్టింది. ఆ బిడ్డెవరో మైకమ్మకు తెలియదు. ఆమె ఒంటికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పాలు వచ్చేసి జాకెట్టు తడిసి, చీర తడిసింది. తడిబట్టలతో కాలవ దాకా ఎలా కూర్చోవడం? పైగా అందరూ చూస్తారు. కొంగు కప్పుకుని దిగిపోయింది. ఆమె తిరిగి రావడానికి కారణం ప్రేమ అని ఎవరన్నా అంటే ఆమె ఒప్పుకోదు. తడి.

ఇంటికొచ్చాక అత్త అడిగింది, "సబ్బేది?"

"మర్చిపోయాను."

"బాగుంది వరస. పోయింది దేనికి, మర్చిపోయింది దేన్ని? సరే, తల్లి లేచింది, పట్టు."

పట్టింది. సబ్బు సంగతి అక్కడితో అయిపోయింది. బస్సు సంగతి ఆమెలోనే ఉండిపోయింది. అది మళ్ళీ ఎప్పుడన్నా కదలొచ్చని ఆమెకు తెలుసు. భయం వేసింది. చాలా రోజుల తర్వాత ఆమెకు వేసింది అదొక్కటే.

ఆ తర్వాత వచ్చిన ఫోన్లో నర్సు గొంతు మహా హుషారుగా ఉంది.

"అమ్మా, మా సెంటర్లో కాన్పయినవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెడుతున్నాం. చాలామంది దిగులుతో ఉన్నారు పాపం. మొత్తం మా ఏరియాలో మీ తల్లే బాగుంది. తనొచ్చి వాళ్ళతో మాట్లాడితే ధైర్యంగా ఉంటుంది."

అత్త ఉబ్బితబ్బిబ్బయింది. అయినా ఉన్న మాట చెప్పాలి కదా. "మాటలెక్కడమ్మా? ఇప్పుడిప్పుడే నోరు విప్పుతోంది."

"అదే కావాలండీ మాకు! నోరు విప్పితే చాలు. నేనే వచ్చి పిలుస్తాను."

వచ్చింది. స్కూటరు దిగి, హెల్మెట్టుకు అణిగిన జుట్టు సర్దుకుంటూ మెట్లెక్కిన బొద్దుపాటి మనిషి. మెకానిక్కు భోజనానికి ఇంటికొచ్చి ఉన్నాడు. బిడ్డకు తలంటి, పౌడరద్ది, కొత్త గౌను తొడిగారు. మైకమ్మ వంటగదిలో టీ పెడుతోంది.

"ఏరీ మా తల్లి?" అంది నర్సు.

"ఇదిగో" అని అత్త బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టింది.

నర్సు బిడ్డను ముద్దాడింది. గడ్డం పట్టుకుంది. "బంగారు కొండ. తల్లి ఏదండీ?"

"ఇదేనమ్మా."

"ఇది బిడ్డ కదా."

"అవును. తల్లి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మధ్యలో బిడ్డ ఇద్దరి మొహాలూ చూసింది. మెకానిక్కు గొంతు సవరించుకుని, "మా అమ్మ దాన్ని తల్లీ అంటుందండి" అన్నాడు.

నర్సు నెమ్మదిగా కుర్చీలో వెనక్కి జారింది. "అయితే... ఆ వీపు నిమిరింది?"

"దీనికే."

"ఎండలో కూర్చున్నది?"

"ఇదే."

"పాటలు విన్నది? స్నేహితురాలు వచ్చి కూర్చుంది అన్నారు?"

"కింది వాటావాళ్ళ పిల్లమ్మా. దీనికన్నా కాస్త చిన్నది."

ముందు మెకానిక్కుకు నవ్వు తన్నుకొచ్చింది. తర్వాత అత్తకు. "ఓరి నా మతి మండా!" అంటూ పొట్ట పట్టుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నర్సు ఆపుకుందామని చూసి ఆపుకోలేకపోయింది. అంతా నవ్వుతున్నారని బిడ్డ కూడా నోరు తెరిచింది.

వంటగదిలో మైకమ్మ వింది. మంచి నవ్వు. ఈ నవ్వయ్యాక టీ తాగుతారు. టీ అయ్యాక నర్సు, "అయితే మీ కోడలు ఎలా ఉంది?" అంటుంది. అత్త ఇంకా నవ్వుతూనే, "అది గట్టి మనిషమ్మా" అంటుంది. నర్సు స్కూటరెక్కుతుంది. ఈ సంగతి చుట్టాలందరికీ చేరి, బిడ్డ పెళ్ళినాటికి కూడా చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ పెళ్ళిలో తాను ఉంటుందో లేదో ఆమెకు నమ్మకం లేదు.

టీ గిన్నె దించేసి, గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"దయచేసి వినండి" అంది. ఆమె కావాలని అలా మొదలుపెట్టలేదు. నలుగురితో మాట్లాడాలంటే ఆమెకు తెలిసిన మొదలు అదొక్కటే. "మీరు ఫోన్లో అడిగిన తల్లిని నేను. నేను బాగా లేను. నాకు నిద్ర పట్టడం లేదు. అన్నం సహించడం లేదు. పాపను ఎత్తుకుంటే ఏమీ అనిపించడం లేదు. మొన్న సబ్బు కొనడానికి వెళ్ళి కాలవకు పోయే బస్సెక్కాను. మళ్ళీ ఎక్కుతానేమోనని భయంగా ఉంది."

మెకానిక్కు నవ్వు ఇంకా సగంలోనే ఉంది. ఆ గొంతు విని అది ఇంకాస్త పెరిగింది కూడా. అత్త, "ఇదొకత్తి!" అంది కళ్ళు తుడుచుకుంటూ.

బస్టాండులో ఏ ప్రకటనైనా రెండుసార్లు చెప్పాలి. మొదటిసారి జనం ఎలాగూ వినరు, ఎవరి మాటల్లో వాళ్ళుంటారు. అందుకని రెండోసారి ఒక్క అక్షరం మార్చకుండా అదే చెప్పాలి. ఆమె ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదటినుంచి చెప్పింది.

"దయచేసి వినండి. మీరు ఫోన్లో అడిగిన తల్లిని నేను. నేను బాగా లేను..."

కాలవ మాట దగ్గరికి వచ్చేసరికి గదిలో నవ్వేవాళ్ళు లేరు. మెకానిక్కు పాడైన ఫ్రిజ్ ఎదురుగా కూర్చున్నప్పుడు పెట్టే మొహం పెట్టాడు. ఇన్నాళ్ళూ వినపడిన చప్పుడు ఏమిటో ఇప్పుడు అర్థమైన మొహం.

నర్సు బిడ్డను అత్త చేతికిచ్చి లేచింది. ఓదార్చలేదు, అయ్యో అనలేదు. "ఆ కాలవ దగ్గర ఏం చేద్దామనుకున్నావమ్మా?" అని నేరుగా అడిగింది.

"తిరిగి రాకూడదనుకున్నాను."

"ఇప్పుడూ అలా ఉందా?"

"ఇప్పుడు లేదు. వస్తూ పోతూ ఉంటుంది."

"సరే. డాక్టరమ్మ సెంటర్లోనే ఉంటుంది, పద పోదాం."

"పొయ్యిమీద కూర ఉంది."

"కూరకు మీ ఆయనున్నాడు" అంది నర్సు. మెకానిక్కు వంటగదిలోకి పరిగెత్తి, మళ్ళీ పరిగెత్తుకొచ్చి చెప్పులేసుకుని, మళ్ళీ వెళ్ళి పొయ్యి ఆర్పానో లేదో చూసుకుని, తాళం చెవి కోసం ఇల్లంతా తిరిగాడు. తాళం చెవి అతని చేతిలోనే ఉంది.

డాక్టరమ్మ చాలాసేపు అడిగింది, మైకమ్మ చాలాసేపు చెప్పింది. ఇది జబ్బేనని, కాన్పయ్యాక చాలామందికి వస్తుందని, మందుందని, పాలివ్వడానికి ఇబ్బంది లేనిదే రాస్తానని, మందుతో పాటు వారం వారం వచ్చి మాట్లాడాలని, ఈ రోజుల్లో ఆమెను ఒంటరిగా వదలకూడదని డాక్టరమ్మ చెప్పింది. బిడ్డ మీద ప్రేమ లేకపోవడం కాదట అది, దారి మూసుకుపోవడమట. మెకానిక్కు ఉండబట్టలేక, "ఏ పార్టు పోయింది మేడం?" అని అడిగాడు.

"పార్టేం పోలేదు."

"మరి ఎన్నాళ్ళకు..."

"ఫ్రిజ్ కాదు బాబూ, ఇన్నాళ్ళని రాసివ్వడానికి. కొన్ని వారాల్లో కొంచెం, కొన్ని నెలల్లో చాలా." అతని వృత్తి ఆవిడకెలా తెలిసిందా అని అతను ఆశ్చర్యపోయాడు. చొక్కా జేబుమీద రాసే ఉంది.

అత్తకు నర్సు కొత్తగా ఏమీ చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఫోన్లో చెప్పిందే, ఈసారి వేలు పెట్టి చూపించి, "ఈ తల్లికి" అంది. అత్త పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. మర్నాటినుంచి కోడలిని బాల్కనీలో ఎండ పడేచోట కుర్చీ వేసి కూర్చోబెట్టింది. రేడియో పక్కన పెట్టింది. వీపు నిమిరింది. బలంగా నిమిరింది, బిడ్డకు అలవాటైన చెయ్యి గనక త్రేన్పు వచ్చేదాకా ఆపలేదు. మధ్యాహ్నం పాలగ్లాసు తెచ్చి నిలబడింది. ఉల్లిపాయల పళ్ళెం మెకానిక్కు ఒళ్ళోకి చేరింది. అతను పెద్ద పెద్ద ముక్కలుగా తరుగుతున్నాడు, ఎవరూ ఏమీ అనడం లేదు.

పిలుపు దగ్గరే చిక్కొచ్చింది. ఇద్దరికీ ఒకే మాటైతే మళ్ళీ మొదటికొస్తుంది. పెద్దతల్లి, చిన్నతల్లి అందామంటే వరసలు మారిపోతాయి. చివరికి బిడ్డ పాప అయింది. రోజుకు ఎన్నోసార్లు అత్త నాలుక తడబడి, మళ్ళీ దారిలోకి వచ్చేది.

అన్నింటికన్నా కష్టమైంది ఊఁ కొట్టడం. సలహా చెప్పకూడదు. బడిలో అంతమంది పిల్లల్ని, ఇంట్లో ఒక కొడుకుని సలహాలతోనే పెంచిన మనిషి. అయినా బాల్కనీలో కోడలికి ఎదురుగా పీట వేసుకుని, పెదాలు బిగబట్టి కూర్చునేది.

"మందు వేసుకున్నాక నోరెండుకుపోతోంది" అంది మైకమ్మ ఒకరోజు.

"ఊఁ."

"నిన్న కొంచెం నిద్రపట్టింది. పొద్దున పాప నన్ను చూసి నవ్వింది. నాకేమీ అనిపించలేదు. తిరిగి నవ్వాలి కదా అని నవ్వాను."

పిల్ల నవ్వితే ఎవరికైనా, అని అత్త అనబోయి మింగేసింది. "ఊఁ."

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యలేక తన్నుతున్నారు. మైకమ్మ కాసేపు అది విని, మళ్ళీ చెప్పింది. గొంతు ఎప్పటిలాగే ఉంది.

"ఇందాక ఆ బస్సు గుర్తొచ్చింది అత్తయ్యా. ఎక్కితే బాగుండుననిపించింది. కాసేపే."

ఈసారి ఊఁ రాలేదు. అత్త మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తీగమీద ఆరుతున్న పాప గౌన్ల కేసి చూస్తూ ఉండిపోయింది. నర్సు చెప్పిందాన్ని తప్పుతున్నానని ఆవిడకు తెలుసు.

"ఈసారి ఎక్కాలనిపిస్తే" అంది చివరికి, "నాకు చెప్పి ఎక్కు. నేనూ వస్తా."

"మీకు బస్సు పడదు కదా. వాంతులవుతాయి."

"అవనీ. కవరు తెచ్చుకుంటా."

మైకమ్మ ఆలోచించింది. ఆ బస్సు సంగతి ఆమెకు బాగా తెలుసు. వెనక చక్రం మీది సీట్లో పడ్డారంటే మంచి ఆరోగ్యమున్నవాళ్ళే నిలవలేరు.

"ముందువైపు కూర్చోవాలి మీరు. డ్రైవరు వెనక. అక్కడ కుదుపు తక్కువ" అంది.

"ఊఁ" అంది అత్త.